ఫొటోలో నూనె కనపడదు

మీ ఫోన్‌లో ఫొటో తీస్తే కేలరీలు చెప్పే యాప్ ఒకటి ఉండే ఉంటుంది. కంచం మీద ఫోన్ పెట్టి నొక్కగానే '412 కేలరీలు' అని ఠక్కున చెప్పేది. ఈ మధ్య దానికి ఏదో అయింది కదా? రోజుకు మూడు ఫొటోలు ఉచితమన్నది ఒకటికి దిగింది. పప్పుచారును టమాటా సూప్ అంటోంది. నెలల తరబడి అప్‌డేట్ లేదు, మెయిల్ పెడితే జవాబు లేదు. ఇక వేరేది చూసుకుందామని ప్లే స్టోర్‌లో వెతికితే అచ్చం అలాంటివే పది కనపడతాయి. అన్నిటి పేర్లలోనూ ఏఐ.

ఆ పదింటిలో ఏదీ వద్దంటాను నేను. ఫొటో యాప్ పాడైతే ఇంకో ఫొటో యాప్ తెచ్చుకోవడమంటే చిల్లుపడ్డ బకెట్ పారేసి, రంగు వేరైన చిల్లు బకెట్ కొనుక్కోవడమే.

ఇదేదో జిమ్‌కి పోయేవాళ్ల సరదా గొడవ అనుకోకండి. పొద్దున్నే వర్ధన్నపేటలో వరంగల్-ఖమ్మం రోడ్డు మీదకి వచ్చి చూడండి, చీకటి విడవకముందే ఉరికే పిల్లలు కనపడతారు. పోలీసు ఉద్యోగం కోసం కొందరు, ఆర్మీ కోసం కొందరు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. రెండు కిలోలు తగ్గితే పది సెకన్లు తగ్గుతాయని ఎవరో చెప్తారు. వెంటనే యాప్ దించుకుని, రోజుకు 1200 కేలరీలని లక్ష్యం పెట్టుకుని, రెండు పూటలా ఉరికేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఆ లెక్క తప్పితే పోయేది యాప్ రేటింగ్ కాదు. ఈవెంట్స్ నాటికి ఒంట్లో సత్తువ ఉండదు. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీకూ నాకూ తెలియదు.

మరి లెక్క ఎక్కడ తప్పుతోంది? కెమెరాకు కనపడేది పైపొర. దాన్ని బట్టి అది ఏ వంటకమో ఊహించాలి, ఎంత లోతున ఉందో ఊహించాలి, ఆ పరిమాణం నుంచి బరువు, బరువు నుంచి కేలరీలు ఊహించాలి. నాలుగు ఊహలు ఒకదాని మీద ఒకటి. మన వంటల్లో అసలు కేలరీలు దాక్కునేది నూనెలో. ఒక గ్రాము పిండిపదార్థానికైనా, ప్రొటీన్‌కైనా 4 కేలరీలు, కొవ్వుకు 9. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే దాదాపు 120. ఆలుగడ్డ వేపుడులో రెండు చెంచాలు పోశారా నాలుగు పోశారా అన్నది ఫొటోలో తెలియదు. అమ్మకు తెలుసు.

సర్వపిండి సంగతి చూడండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు కలిపి, గిన్నెకు ఒత్తి, చిల్లులు పెట్టి నూనె వదిలి కాలుస్తాం. నేను వాడిన యాప్ ఒకటి దాన్ని రోజుకో పేరుతో పిలిచింది. ఒకనాడు ఆమ్లెట్, ఒకనాడు ఊతప్పం. పచ్చిపులుసును మాత్రం రోజూ టీ అనే అంది, ఆ విషయంలో నిలకడ ఉంది. నవ్వుకోవచ్చు గానీ, ఆమ్లెట్‌కూ సర్వపిండికీ కేలరీల తేడా నవ్వుకునేంత చిన్నది కాదు.

ఇది ఆ ఒక్క యాప్ తప్పు కాదు. గూగుల్ పరిశోధకులు 2015లోనే 'ఇమ్‌2కేలరీస్' పేరుతో ఫొటో నుంచి కేలరీలు చెప్పే ప్రయత్నం చేశారు. 2021లో అదే సంస్థ నుంచి 'న్యూట్రిషన్5కె' అనే డేటాసెట్ వచ్చింది. అందులో సుమారు 5,000 కంచాలకు వీడియోలు, లోతు చిత్రాలు, పదార్థాల బరువులు ఉన్నాయి. బరువులు ఎందుకు ఉన్నాయో గమనించండి. కెమెరాకు నేర్పడానికి కూడా ముందు త్రాసు కావాల్సి వచ్చింది.

ఫైనలియర్ ప్రాజెక్టుగా 'ఏఐ ఫుడ్ రికగ్నిషన్' పెట్టుకున్నవాళ్లకు ఫుడ్-101 తెలిసే ఉంటుంది. 2014లో వచ్చింది. 101 వంటకాలు, ఒక్కోదానికి వెయ్యి ఫొటోలు. మనకు తెలిసినవి వెతికితే సమోసా, చికెన్ కర్రీ లాంటివి ఒకటి రెండు దొరుకుతాయి. సుషి ఉంటుంది, జొన్నరొట్టె ఉండదు. దాని మీద 90 శాతం యాక్యురసీ అని రెజ్యూమెలో రాస్తే ఇంటర్వ్యూలో 'ఏ తిండి మీద?' అన్న ఒక్క ప్రశ్నకు ఆగిపోతారు. దానికన్నా మీ హాస్టల్ మెస్‌లో ముప్పై కంచాలు తూచి, మీరే లెక్క కట్టి, మూడు యాప్‌లు చెప్పిన అంకెల్ని పక్కన పెట్టి, సగటున ఎంత తప్పాయో, ఏ వంటకంలో ఎక్కువ తప్పాయో చూపించండి. మోడల్ ఏమీ కట్టకపోయినా ఆ పట్టిక చూసినవాళ్లు మీతో పది నిమిషాలు మాట్లాడతారు.

ఇలాంటి యాప్‌లు ఎందుకు క్షీణిస్తాయో కూడా మనం అర్థం చేసుకోవాలి, రేపు మీరు చేరబోయే స్టార్టప్ లెక్కలు కూడా ఇలాగే ఉండొచ్చు. మీరు తీసిన ఫొటో ఎక్కడో సర్వర్‌కు పోయి, పెద్ద మోడల్ దాన్ని చూసి జవాబివ్వాలి. ప్రతి క్లిక్కుకూ కంపెనీకి ఖర్చే. ఉచితంగా వాడేవాళ్లు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఆదాయం పెరగదు. అప్పుడు కంపెనీ చేతిలో మూడు దార్లే ఉంటాయి: ఫొటోల సంఖ్య తగ్గించడం, చౌక మోడల్‌కు మారడం, చందా పెంచడం. వాడేవాళ్లకు మూడూ 'యాప్ పాడైంది' అనే కనపడతాయి. కొత్త యాప్‌కు మారినా ఏడాదికో రెండేళ్లకో అక్కడికే చేరవచ్చు.

పెద్ద యాప్ అయితే ఢోకా లేదనుకుంటారేమో, మైఫిట్‌నెస్‌పాల్ చరిత్ర చదవండి. 2005లో మొదలైంది. 2015లో అండర్ ఆర్మర్ 47.5 కోట్ల డాలర్లకు కొన్నది. 2018లో దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి. 2020లో మళ్లీ చేతులు మారింది, ఈసారి 34.5 కోట్ల డాలర్లకు. 2022లో అప్పటిదాకా ఉచితంగా ఉన్న బార్‌కోడ్ స్కాన్‌ను ప్రీమియంలోకి నెట్టారు. కంపెనీ మునగలేదు, యాప్ ఇప్పటికీ నడుస్తోంది. అయినా ఏళ్ల తరబడి అందులో రాసుకున్నవాళ్లకు తమ లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగే అవకాశం ఏ దశలోనూ రాలేదు.

కాబట్టి ప్రత్యామ్నాయానికి నేను పెట్టే మొదటి షరతు: నా డేటా ఒక ఫైలుగా బయటికి తీసుకోగలగాలి. చేరిన మొదటి రోజే ఎక్స్‌పోర్ట్ నొక్కి చూడండి. డబ్బు కట్టమంటే అక్కడే ఆగిపోవచ్చు. రెండోది, గ్రాముల్లో రాసే వీలుండాలి. 'ఒక బౌల్' అంటే ఎవరి బౌల్? మూడోది, అందులోని అంకెలు నమ్మదగ్గవై ఉండాలి. ఇది పరీక్షించడం తేలిక. 100 గ్రాముల పచ్చి బియ్యం అని కొట్టండి, 350 దరిదాపుల్లో రావాలి. ఉడికిన కోడిగుడ్డుకు 70-80. నూనె టేబుల్‌స్పూన్‌కు 120. బియ్యానికే 130 చూపించిందంటే అది అన్నం లెక్క బియ్యం పేరు మీద ఎక్కించింది. వాడేవాళ్లే ఎక్కించే జాబితాల్లో ఇలాంటివి ఉంటాయి.

అంకెల కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మనమంతా ఎన్‌ఐఎన్ అనేది. 1918లో తమిళనాడులోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. 2017లో వీళ్లు తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో దేశం నలుమూలల నుంచి నమూనాలు సేకరించి పరీక్షించిన 528 పదార్థాల వివరాలున్నాయి. జొన్నలు, సజ్జలు, తోటకూర, పల్లీలు అన్నీ. ఎన్‌ఐఎన్‌దే న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ కూడా ఉంది. ప్రభుత్వ సంస్థది కాబట్టి మీకు కోచ్‌ను అమ్మే పని పెట్టుకోదు. దించుకునే ముందు చివరి అప్‌డేట్ తేదీ మాత్రం చూడండి, దానికైనా ఆ పరీక్ష తప్పదు. మన వంటకాల పేర్లు టైప్ చేయగానే రావాలంటే బెంగళూరు కంపెనీ హెల్తిఫై ఉంది. అందులోనూ ఫొటో ఫీచర్ ఉంది, దాన్ని పక్కన పెట్టి గ్రాముల్లో రాసుకోండి. ఆండ్రాయిడ్‌లో డేటా ఫోన్ దాటి పోకూడదనుకుంటే వెయిస్ట్‌లైన్ అనే ఓపెన్ సోర్స్ యాప్ చూడండి. చూడ్డానికి అందంగా ఉండదు. మన వంటల్ని మనమే ఎక్కించుకోవాలి. మీలో బీటెక్ వాళ్లకు నేను దీన్నే చెప్తాను, దాని కోడ్ తెరిచి చదవొచ్చు కూడా.

ఇవేవీ వద్దనుకుంటే ఒక గూగుల్ షీట్ చాలు. మనం వారమంతా తినేవి రాస్తే పాతిక రకాలు దాటవు.

తూచుకుంటూ కూర్చుంటే చదివేదెప్పుడు అంటారా? ఒక్క వారం. వంటింటి డిజిటల్ త్రాసు నాలుగైదు వందల్లో వస్తుంది, రూమ్‌లో నలుగురుంటే తలా వంద. మెస్‌లో అన్నం వడ్డించే గరిటె ఒకటే ఉంటుంది, దాని అన్నాన్ని ఒకసారి తూచండి. అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. ఇక ఎన్ని గరిటెలో లెక్కపెట్టుకుంటే సరి. ఇంట్లో అయితే నూనె లెక్క ఇంకా తేలిక, కూరకూరకూ కొలవక్కర్లేదు. లీటరు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుందో అమ్మను అడగండి. లీటరు అంటే దాదాపు 910 గ్రాములు. నలుగురికి పది రోజులొస్తే మనిషికి రోజుకు 23 గ్రాములు, సుమారు 205 కేలరీలు. ఆరు రోజులకే అయిపోతే 38 గ్రాములు, 340 కేలరీలు. 2024లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు. ఏ కెమెరా కూడా ఈ అంకె చెప్పలేదు, ఖాళీ ప్యాకెట్ చెప్తుంది.

అమ్మాయిలకు ఒక మాట. కేలరీ ఒక్కటే చూపించే యాప్ మీకు సరిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే 800 మీటర్లలో ఊపిరి అందదు, బరువు ఎంత తగ్గినా టైమ్ తగ్గదు. ఐరన్, ప్రొటీన్ కూడా చూపించేదాన్నే తీసుకోండి. పీహెచ్‌సీలో ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. కళ్లు తిరగడం, నెలసరి తప్పడం మొదలైతే యాప్ మార్చి లాభం లేదు. లెక్కే ఆపి డాక్టర్‌ను కలవాలి. అబ్బాయిలైనా అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసి భయపడే దాకా వస్తే అంతే.

చివరగా పాత యాప్ సంగతి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చందా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి క్యాన్సిల్ చేయాలి. యూపీఐ ఆటోపే ఇచ్చి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి మీ యాప్‌లోనూ ఆ మ్యాండేట్ తీసేయాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలి, కానీ 15,000 రూపాయల లోపు చందాలకు మళ్లీ ఓటీపీ అడగరు. ఆ మెసేజ్ ప్రమోషన్ల మధ్య కొట్టుకుపోతుంది, ఏడాది ప్లాన్ డబ్బు పోతుంది. అకౌంట్ డిలీట్ చేసే దారి యాప్‌లోనూ, బయట వెబ్‌లోనూ చూపించాలని గూగుల్ నియమం ఉంది, అది వాడుకోండి. వరుస మాత్రం మార్చొద్దు: ముందు ఎక్స్‌పోర్ట్, తర్వాత చందా క్యాన్సిల్, ఆ తర్వాత అకౌంట్ డిలీట్, అన్నీ అయ్యాకే అన్‌ఇన్‌స్టాల్.