కొత్త టవర్లు సరే, పాత భవనాల మాటేమిటి?

జూలైలో దోహాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అదే సమయంలో వెస్ట్ బే ఆఫీసుల్లో మనవాళ్లు స్వెటర్లు వేసుకుని పనిచేస్తుంటారు. చూసి నవ్వుకుంటాం, తర్వాత అలవాటు పడిపోతాం. కానీ మనుషులకు అక్కర్లేని చల్లదనం కోసం ఆ భవనం కరెంటు ఖర్చు చేస్తోందని ఆ స్వెటరే చెబుతోంది.

ఖతార్ ఈ విషయంలో చేతులు కట్టుకుని కూర్చోలేదు. విద్యుత్, నీటి సంస్థ కహ్రమా 2012లోనే 'తర్షీద్' పొదుపు కార్యక్రమం మొదలుపెట్టింది. పగటిపూట భవనాల బయటి లైట్లు వెలిగించి వదిలేస్తే జరిమానా వేసే చట్టం ఉంది. ఎడారి వాతావరణానికి తగిన 'జీశాస్' గ్రీన్ బిల్డింగ్ ప్రమాణాలు ఇక్కడే రూపొందాయి. పెర్ల్ ద్వీపంలో 1,30,000 టన్నుల సామర్థ్యంతో డిస్ట్రిక్ట్ కూలింగ్ ప్లాంటు నడుస్తోంది. ముషైరిబ్, లుసైల్ చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే ఈ మెరుపంతా ఎక్కువగా కొత్త కట్టడాలదే. నజ్మా, మన్సూరా, సల్వా రోడ్డు వైపు ఉన్న పాత ఆఫీసులు, షాపులు, హోటళ్ల సంగతేమిటి? మన తెలుగువాళ్ల రెస్టారెంట్లు, కిరాణా కొట్లు, ట్రావెల్ ఆఫీసులు కూడా ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉన్నాయి.

ఇక్కడ చిక్కు యంత్రాలది కాదు, లెక్కలది. కొత్త చిల్లర్‌కు డబ్బు పెట్టాల్సింది యజమాని. బిల్లు తగ్గితే లాభం అద్దెదారుడిది. ఏసీ ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటే అద్దెదారుడికీ పట్టదు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు తక్కువ కోట్ చేసినవారికి వెళుతుంది. ఉక్కగా ఉందంటే మేనేజర్ ఫోన్ వెంటనే మోగుతుంది, చలిగా ఉందంటే 'సర్దుకోండి' అంటారు. అలాంటప్పుడు టెక్నీషియన్ ఏం చేస్తాడు? ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి ఊరుకుంటాడు.

నిజానికి తొలి అడుగులకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఫ్యాన్ వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది వాడే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రి ఖాళీ ఫ్లోర్లలో ఏసీ తగ్గించడం, దుమ్ము పట్టిన కాయిల్స్ కడగడం, తలుపుల సందులు మూయడం... ఇవన్నీ చిల్లర పనులే. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో చేసిన మార్పులు చూడండి. అక్కడి 6,514 కిటికీలను తీసి పారేయలేదు, ఆ భవనంలోనే బాగుచేసి మళ్లీ బిగించారు. లోపలికి వచ్చే వేడి తగ్గడంతో చిల్లర్లను కూడా మార్చకుండా మరమ్మతుతోనే సరిపెట్టారు. ముందు వేడిని ఆపాలి, తర్వాతే యంత్రం కొనాలి. మన తెలంగాణ కూడా 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది.

గ్యాస్ పుష్కలంగా ఉన్న దేశంలో ఈ పొదుపు గోల ఎందుకంటారు కొందరు. ఇక్కడ తగలబెట్టని గ్యాస్‌ను ఓడలోకి ఎక్కించి అమ్ముకోవచ్చు. వృథా చేసిన ప్రతి యూనిట్ వెనకా ఆ ఆదాయం పోతోంది.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని. పెద్ద భవనాల్లో కంట్రోల్ సిస్టమ్ ఉష్ణోగ్రతల లెక్కలు రోజంతా రాస్తూనే ఉంటుంది. కానీ చదివేవాడు ఉండాలి, చదివినవాడి మాటకు విలువ ఉండాలి. ఏ ఫ్లోర్లో వాల్వ్ మూసుకోవడం లేదో, ఏ సెన్సార్ తప్పు చూపిస్తోందో నైట్ డ్యూటీ ఏసీ టెక్నీషియన్‌కు తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వచ్చి ఆ పని చేస్తున్న తమ్ముళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగరు. చెప్పినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

అందుకే నేను కోరేది మూడు. ఫ్లోర్ ఫ్లోర్‌కూ మీటరు పెట్టాలి. మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో, తగ్గిన బిల్లులో కొంత వాటా పనిచేసిన టీముకు బోనస్‌గా చేరాలి. ఎనర్జీ ఆడిటింగ్‌లో ఈ టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలి.

మొదటి రెండూ యజమానుల చేతిలో ఉన్నాయి. మూడోది మన చేతిలోనే ఉంది. ఇక్కడ తెలుగు ఇంజనీర్లకు కొదవ లేదు, సంఘాలకూ కొదవ లేదు. ఉగాది వేడుకలకు హాలు బుక్ చేసినట్టే, నెలకో శుక్రవారం ఒక తరగతికి బుక్ చేయలేమా? రేపు ఖతార్‌లో ఉన్నా, ఊరికి తిరిగి వెళ్లినా ఆ విద్య మన తమ్ముళ్లకు అన్నం పెడుతుంది.