ఆన్‌లైన్ కొట్టు - ఇంట్లో విత్తనం

హైదరాబాదు నుంచి ముంబై రోడ్డు పట్టుకుని జహీరాబాదు దాటితే, కర్ణాటక సరిహద్దు దగ్గర చిరాగ్‌పల్లి వస్తుంది. ఒకప్పుడు ఈ పేరు వింటే లారీ డ్రైవర్లకి ముందు చెక్‌పోస్టే గుర్తొచ్చేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. రోడ్డు మీద గేటు పోయింది గానీ, చిన్న వ్యాపారికి ఇంటర్నెట్లో ఇంకో గేటు మొలిచింది. దాని పేరు మార్కెట్‌ప్లేస్.

చిరాగ్‌పల్లిలో ఒకావిడ జొన్నపిండి, కొర్రలు ఆన్‌లైన్లో అమ్మాలనుకుందనుకోండి. ఎలాగూ మనలాంటి సాఫ్టువేరు వాళ్ళనే అడుగుతుంది. "ఏదో ఒక పెద్ద సైట్లో పెట్టెయ్యండి" అనేసి చేతులు దులుపుకుంటాం. నేనూ చాలామందికి అదే చెప్పాను. ఇప్పుడు తప్పనిపిస్తోంది.

పెద్ద సైట్లో జనం దొరుకుతారు, నిజమే. కమీషన్ పోతుంది, అదీ సరే. అసలు నష్టం వేరే ఉంది. కొన్నవాళ్ళు ఆ సైటు కస్టమర్లు, ఆవిడ కస్టమర్లు కారు. రేపు కమీషన్ పెంచినా, సరుకుని పదో పేజీలోకి నెట్టేసినా, ఖాతా ఆపేసినా, ఆవిడ చేతిలో ఒక్క కస్టమరు చిరునామా కూడా మిగలదు.

ఈ సంగతి జహీరాబాదు ప్రాంతపు ఆడవాళ్ళకి మనం కొత్తగా చెప్పక్కర్లేదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు చిరుధాన్యాల విత్తనాలు కొనరు, ఇంట్లోనే దాచుకుని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. 2008లో మాచనూరులో సొంతంగా రేడియో కూడా పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజు ఈ సంస్థకి వచ్చింది. ఓపెన్ సోర్సు అంటే నాకు అర్థమైంది కూడా ఇంతే. విత్తనం మన ఇంట్లో ఉండాలి.

ఓపెన్ సోర్సు కొట్టు సాఫ్టువేర్లు కొత్తవేం కావు. ఓఎస్‌కామర్స్ 2000లో వచ్చింది, మెజెంటో 2008లో, వూకామర్స్ 2011లో. 2018లో మెజెంటోని అడోబీ 168 కోట్ల డాలర్లకి కొనేసింది. 2020 జూన్‌లో మెజెంటో 1కి సపోర్టు ఆగిపోయింది. అదే మూసిపెట్టిన సాఫ్టువేరయితే అక్కడితో అంతే సంగతులు. కోడు అందరి దగ్గరా ఉంది కాబట్టి, ఓపెన్‌మేజ్ పేరుతో కొందరు దాన్ని సొంతంగా నడిపించుకుంటున్నారు. వ్యాపారానికి అసలు లాభం ఇదీ. కంపెనీ వదిలేసినా కొట్టు మూతపడదు.

అలాగని "ఫ్రీ" అని మాత్రం చెప్పకండి. డొమైనుకీ హోస్టింగుకీ డబ్బులు కట్టాలి. పేమెంట్ గేట్‌వే వాళ్ళు 2 శాతం అటూఇటూగా తీసుకుంటారు. అప్‌డేట్లు, బ్యాకప్పులు ఎవరో ఒకరు చూస్కోవాలి. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్యాకెట్టు కట్టి లేబులేసిన పిండి మీద జీఎస్టీ ఉంది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిందంటే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. చిరాగ్‌పల్లికి బీదరు పక్కనే కదా అని ఆర్డరు తీసుకుంటే ఇరుక్కున్నట్టే. మొదట్లో షిప్పింగ్ జోన్ తెలంగాణ వరకే పెట్టడం మంచిది.

పెద్ద సైటు మానేయమని నేననను. అది సంతలో అంగడి, ఇది ఇంటి ముందు కొట్టు. రెండూ ఉండొచ్చు. కానీ ఇంటి ముందు కొట్టు లేకుండా సంతనే నమ్ముకోవడం ప్రమాదం.

చివరగా మన సంగతి. ఒక వీకెండులో కొట్టు పెట్టేసి, ఫోటోలు దిగి, మాయమైపోవడం మనకి బాగా అలవాటు. అలా కాకుండా పది సరుకులతో, తెలుగు పేర్లతో మొదలుపెట్టండి. కస్టమర్ల జాబితా నెలకోసారి దించుకోవడం ఆవిడకి నేర్పండి. డొమైను ఆవిడ పేరు మీదే కొనండి, పాస్‌వర్డులన్నీ ఆవిడ చేతిలో పెట్టండి. లేదంటే మనమే ఇంకో చెక్‌పోస్టు అవుతాం.