ఎత్తుపల్లాలు కొలవందే ఇంకో లేఅవుట్ వద్దు

ధర్మవరం నేతన్నలారా, అక్కచెల్లెళ్ళారా!

మళ్ళీ మగ్గం గుంతల్లోకి నీళ్ళొచ్చాయి. తొక్కుడు చెక్కలు ఉబ్బిపోయి, పడుగుకు చెమ్మ పట్టి, గోడలు ఆరేదాకా నేత ఉండదు. షావుకారు వడ్డీ మాత్రం ఆగదు. అర్ధరాత్రి బిందెలతో గుంత తోడిన ఆడవాళ్ళకు తెలుసు ఈ నీళ్ళెక్కడివో. పైన వంకలో మట్టి తోలారు, చదును చేశారు, ప్లాట్లు అమ్మారు. వంక ఎక్కడికి పోతుంది? మన నట్టింట్లోకొచ్చింది.

ఎత్తుపల్లాలు కొలిచి వరద పటం గీయమంటే, కరువు సీమకు అదెందుకంటారు కొందరు. 2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి నడుమ జేసీబీ మీద చిక్కుకున్నవాళ్ళను వైమానిక దళం హెలికాప్టర్‌తో కాపాడింది ఈ కరువు సీమలోనే. ఏళ్ళ తరబడి ఎండిన వంకను ఖాళీ స్థలమనుకోవడమే మన కొంప ముంచుతోంది.

మన చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేరే మన ఊరి పేరని పెద్దలు చెబుతారు. ఆనాటివాళ్ళు వాలు చూసి కట్ట వేశారు, మిగులు నీటికి మరవ విడిచారు. తర్వాతొచ్చిన మన్రో దొర దత్త మండలాల్లో గొలుసుతో చేను చేనూ కొలిపించాడు, శిస్తు కోసం. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, హద్దుల కోసం. నీళ్ళెటు పారతాయని అడిగినవాడు లేడు!

సర్వే ఆఫ్ ఇండియా యాభై వేల స్కేలు పటంలో ఒక కాంటూరు గీతకూ ఇంకో గీతకూ మధ్య మామూలుగా 20 మీటర్ల ఎత్తు. మగ్గం గుంత నిండడానికి గడప దాటిన జానెడు నీళ్ళు చాలు. ఆ పటం చూసి కాలనీలకు సంతకాలు పెడతారా? డ్రోన్ ఫొటోల నుంచి ఎత్తులు కూడా తీయొచ్చు. ఖర్చంటారా, ఒక్క వానకు పాడైన పట్టు ఖరీదు కట్టి అప్పుడు మాట్లాడండి.

చట్టాలు లేక కాదు. చెరువులను కాపాడాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. అయినా మరవ కింద ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు. ఇక బతిమాలేది లేదు.

అర మీటరు కాంటూర్లతో పట్టణానికీ చుట్టుపక్కల పల్లెలకూ పటం గీయాలి. ప్రతి వంకా, మరవా, చెరువు పూర్తి నీటిమట్టమూ అందులో చూపాలి. దాన్ని ప్రతి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. అప్పటిదాకా కొత్త లేఅవుట్ ఒక్కటి కూడా ఒప్పుకోం. అనుమతి ఇస్తే జేసీబీకి అడ్డంగా మేమే నిలబడతాం.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. మీ ఇంటి గోడమీద నీటి మరక ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, ఫొటో తీసి, డోర్ నంబరు రాసి తీసుకురండి.