చిప్స్ మీద ఆ పాత జోకు

ఇంగ్లండు వెళ్ళిన మనవాళ్ళు రాసే వ్యాసాల్లో ఒక జోకు తప్పకుండా ఉంటుంది. మసాలాల కోసం సముద్రాలు దాటొచ్చి మనల్ని ఏలినవాళ్ళు ఇంటికెళ్ళి తినేది మాత్రం ఉప్పూ వెనిగరూ చల్లిన బంగాళాదుంప ముక్కలే అని. చదివి అందరం నవ్వుతాం. నాకు మాత్రం ఈ జోకుతో పెద్ద పేచీయే ఉంది.

మొదటి పేచీ చరిత్రతో. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో దుకాణం పెట్టింది బట్టల కోసం. మన నేతగాళ్ళ గుడ్డలు తీసుకెళ్ళి, తూర్పు దీవుల్లో వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు కొనేవాళ్ళు. దోపిడీ కథ మొత్తాన్ని పోపుల పెట్టెలో కుక్కేస్తే అందులోంచి ముందు మాయమయ్యేది మన నేతగాడే.

రెండోది, ఆ చిప్స్ ఎవరి తిండి? 1860ల్లో చేపనీ చిప్స్‌నీ కలిపి అమ్మిన తొలి కొట్టు లండన్‌లో జోసెఫ్ మాలిన్‌దా, మోస్లీలో జాన్ లీస్‌దా అని వాళ్ళింకా కొట్టుకుంటూనే ఉన్నారు. మోస్లీ లంకాషైర్ నూలు మిల్లుల ఊరు. పొద్దస్తమానం మిల్లులో నిలబడ్డ మనిషికి ఇంటికెళ్ళి వండుకునే ఓపిక ఎక్కడిది? చవగ్గా, వేడిగా, కడుపు నిండా దొరికింది ఇదే. మన మగ్గాల్ని దెబ్బకొట్టింది కూడా లంకాషైర్ మిల్లు గుడ్డే. చిప్స్‌కీ కృష్ణా జిల్లాకీ అసలు చుట్టరికం అక్కడుంది. ప్రవాస వ్యాసకర్తకి అది కనిపించదు, కారం లేకపోవడమే కనిపిస్తుంది.

పోనీ అది 'వాళ్ళ' తిండేనా అంటే అదీ పూర్తిగా కాదు. చేప వేపుడు స్పెయిన్, పోర్చుగల్ నుంచి పారిపోయొచ్చిన యూదులది. తర్వాత ఆ కొట్లు నడిపినవాళ్ళలో ఇటాలియన్లు, సైప్రస్‌వాళ్ళు, చైనావాళ్ళు బోలెడుమంది. రెండో ప్రపంచయుద్ధంలో ఎన్నిటికో రేషన్ పెట్టిన ప్రభుత్వం దీని జోలికి మాత్రం పోలేదు. 1937లోనే ఆర్వెల్, విప్లవం రాకుండా ఆపిన చవక సుఖాల్లో దీన్నీ లెక్కేశాడు. ఒక తిండి గురించి రాయడమంటే అదీ.

ఇప్పుడు గవర్నర్‌పేటకి రండి. ఊరి పేటకి గవర్నర్ పేరు, రోడ్డుకి లండన్‌లో పుట్టిన అనీబిసెంట్ పేరు. సాయంత్రమైతే బండి దగ్గర నిలబడి మనం తినేదేంటి? నూనెలో దేవిన పునుగులు, మిరపకాయ బజ్జీలు. ఆ మిరపకాయా అమెరికాదే, బంగాళాదుంపా అమెరికాదే. ఒక తెల్లవాడొచ్చి "మిగిలిన పిండిని ఉండలు చేసి వేయించుకు తినే జనం" అని రాస్తే ఊరుకుంటామా? జాత్యహంకారం అంటాం. సరిగ్గానే అంటాం. మరి మనం రాస్తే హాస్యమెలా అవుతుంది?

చిప్స్ నచ్చకపోతే నచ్చలేదని రాయండి. మెత్తబడి నూనె కారుతుంటే నాకూ నచ్చవు. కానీ అది మీ నాలుక సంగతి. దాన్ని ఒక జాతి సంస్కారం మీద తీర్పుగా అమ్మకండి. పొట్లం కట్టిచ్చే మనిషి ఏ దేశం నుంచి వచ్చాడో, వరసలో మీ ముందు నిలబడ్డవాడు ఏ షిఫ్టు దిగి వచ్చాడో అడిగి రాయండి. అప్పుడు చదువుతాం.