కెమెరా కోసం జరిగే ఉత్సవం

పెద్ద క్రీడోత్సవాల ప్రారంభ వేడుకలో రెండు భాగాలుంటాయి. ఒకటి తంతు. దేశాలవారీగా క్రీడాకారుల కవాతు, దేశాధినేత నోట ప్రారంభ ప్రకటన, జెండా, ప్రమాణం, జ్యోతి ఇందులోకి వస్తాయి. ఒలింపిక్స్‌లో గ్రీసు ముందు నడుస్తుంది, ఆతిథ్య దేశం చివర వస్తుంది. మిగతా దేశాలు సాధారణంగా ఆతిథ్య దేశపు భాషలోని అక్షరక్రమంలో నడుస్తాయి. రెండోది ప్రదర్శన. నాట్యం, వెలుగులు, బాణసంచా, గాలిలో తేలే మనుషులు అన్నీ అందులోవే. తంతు ఆటగాళ్ల కోసం పుట్టింది, ప్రదర్శన టీవీ కోసం పెరిగింది. గత నాలుగు దశాబ్దాల్లో రెండోది మొదటిదాన్ని క్రమంగా పక్కకు నెట్టేసింది.

మన దేశంలో ఈ కథ 1982 నవంబరు 19న మొదలైంది. ఆ రోజు ఢిల్లీలో ఆసియా క్రీడలు ఆరంభమయ్యాయి. రంగుల టీవీ అంతకు కొన్ని నెలల ముందే దేశంలో అడుగుపెట్టింది. ఏప్రిల్‌లో కక్ష్యకు చేరిన ఇన్శాట్-1ఏ ఉపగ్రహం సెప్టెంబరుకే మూగబోయినా ప్రసారం ఆగలేదు. మద్రాసు దూరదర్శన్ 1975లో, హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలయ్యాయి. పూర్వ చిత్తూరు జిల్లా దక్షిణాన ఉన్న సత్యవేడు, నగరి వైపు వాళ్లకు హైదరాబాద్ కంటే మద్రాసు టవరే దగ్గర. ఆటల కోసం టీవీ వచ్చిందా, టీవీ కోసం ఆటలు వచ్చాయా అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ క్రీడల చిహ్నమైన అప్పూ ఏనుగు బొమ్మ రంగుల్లో కనిపించడమే అప్పటికి పెద్ద వింత.

తెలుగు నేల మీద అలాంటి వేడుకలు ఏడాది వ్యవధిలో రెండు జరిగాయి. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు 24న ఆఫ్రో-ఆసియన్ క్రీడలు. రెండింటికీ ముఖ్య వేదిక హైదరాబాద్. రెండో వేడుకకు మూడు వారాల ముందు, అక్టోబరు 1న, తిరుమల బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి వాహనశ్రేణి మీద అలిపిరి దగ్గర మందుపాతర పేలింది. ఆ నేపథ్యంలో గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఆరంభం క్రీడావేడుకగానే మిగల్లేదు. రాష్ట్రం నిలబడే ఉందని లోకానికి చూపించే సందర్భంగా కూడా మారింది. రెండు ఖండాల నుంచి తొంభైకి పైగా దేశాలు వచ్చాయి. ఢిల్లీలో జరగాల్సిన ఆ క్రీడలు వాయిదాపడి హైదరాబాద్‌కు వచ్చాయి. ఆ తర్వాత మరెక్కడా జరగలేదు. ప్రారంభోత్సవం ఘనంగా సాగినంత మాత్రాన క్రీడోత్సవం బతకదనడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

2008లో దాదాపు నెల వ్యవధిలో రెండు సంఘటనలు జరిగాయి. జూలై 7న తిరుపతిలో శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రారంభమైంది. ఆగస్టు 8న బీజింగ్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. బీజింగ్‌లో నగరం మీదుగా స్టేడియం వైపు నడిచి వచ్చినట్టు బాణసంచాతో 29 పాదముద్రలు పేల్చారు. టీవీలో జనం చూసినవాటిలో చాలా భాగం మాత్రం ముందే కంప్యూటర్‌లో తయారుచేసి పెట్టుకున్న బొమ్మలు. హెలికాప్టర్ నుంచి తీయడం ప్రమాదమని నిర్వాహకులు చెప్పిన కారణం నిజమే కావచ్చు. కానీ ప్రేక్షకుడు ప్రత్యక్ష ప్రసారమని నమ్మి చూసింది ప్రత్యక్షం కాదు. ఆ రాత్రితో ప్రారంభోత్సవ ప్రసారం ఒక గీత దాటింది.

తిరుపతి ప్రేక్షకుడికి ఇంకో రకం ప్రసారం బాగా అలవాటు, అది భక్తి ఛానల్‌లో వచ్చే తిరుమల బ్రహ్మోత్సవాలది. బ్రహ్మోత్సవాన్ని ఆటల వేడుకతో పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు, పోల్చేది ప్రసారాన్ని మాత్రమే. బ్రహ్మోత్సవాలకూ ప్రారంభ తంతు ఉంది. అంకురార్పణ అయ్యాక, తొలిరోజు గరుడధ్వజం ఎగరేసి దేవతలను ఆహ్వానించే ధ్వజారోహణం జరుగుతుంది, ఆ రాత్రి పెద్దశేష వాహనం కదులుతుంది. ఏ వాహనం ఎప్పుడో, ఏ అలంకారం దేనికో వైఖానస ఆగమం, ఆలయ సంప్రదాయం నిర్ణయిస్తాయి. కెమెరా కోసం వాహనం వేగం పెంచదు, వెనక్కి తిరిగి మళ్లీ రాదు. మాడవీధిలో అది ఎక్కడుంటే కెమెరా అక్కడికి వెళ్లాలి. వ్యాఖ్యాత వాహనం పేరు, దాని అర్థం, వెనక ఉన్న పురాణ కథ చెప్తాడు, నాదస్వరం మొదలైతే ఆగుతాడు. ప్రముఖుల మీద అవసరానికి మించి నిలిచే షాట్లు ఇక్కడా లేకపోలేదు. అయినా ఉత్సవం ముందు, ప్రసారం తర్వాత అన్న వరుస చెడలేదు.

ఈ తేడా కోవిడ్ కాలంలో మరింత స్పష్టమైంది. 2020 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలను ఆలయంలోనే ఏకాంతంగా నిర్వహించారు. భక్తులు టీవీలోనే చూశారు. జనం లేకపోయినా క్రతువులో లోటు రాలేదు, ఎందుకంటే అది జనం చూడటం కోసం పుట్టినది కాదు. 2021 జూలై 23న టోక్యోలో 68 వేల మంది పట్టే స్టేడియంలో వెయ్యిమంది కూడా అతిథులు లేకుండా ఒలింపిక్స్ ఆరంభమయ్యాయి. అక్కడ ఖాళీ కుర్చీలే తెర నిండా కనిపించాయి. చప్పట్లను ఆధారం చేసుకున్న ప్రదర్శన చప్పట్లు లేకపోతే వెలవెలపోతుంది. ఆ రాత్రి నిలిచింది కవాతు ఒక్కటే.

2024 జూలై 26న పారిస్ ఆ కవాతును కూడా ప్రదర్శనలో కలిపేసింది. జట్లు స్టేడియంలో నడవలేదు. సెన్ నదిలో సుమారు 6 కిలోమీటర్లు పడవల మీద వచ్చాయి. వాన కురిసింది. ఒడ్డున ఉన్నవారికి తమ ముందు నుంచి పోయే భాగమే కనిపించింది. మొత్తం చూడగలిగింది టీవీ ప్రేక్షకుడొక్కడే. అతనికి కూడా పడవలు, పాటలు, వంతెనల మీద విన్యాసాలు ముక్కలుగా కోసి వడ్డించారు. భారత పతాకధారులు పి.వి. సింధు, ఆచంట శరత్ కమల్. రాత్రి పదకొండు దాటాక ఇక్కడ మేలుకుని చూసినవారికి వాళ్లు దక్కింది క్షణాలే. పడవల ఆలోచన అందమైనదే, కాదనలేం. కానీ ఏళ్ల తరబడి ఒళ్లు వంచి సాధన చేసిన మనిషి ఆ రాత్రి నేపథ్య దృశ్యమైపోయాడు.

ఒలింపిక్స్ దృశ్యాలను ప్రపంచమంతటికీ ఒలింపిక్ ప్రసార సంస్థే తీసి పంపుతుంది. ఏ దేశపు ఛానలైనా ప్రధానంగా చేర్చగలిగింది వ్యాఖ్యానమే. అంటే తెలుగు ప్రేక్షకుడికి జరిగే మేలైనా కీడైనా వ్యాఖ్యాత చేతిలోనే ఉంటుంది. ఆ పని మన దగ్గర చాలాసార్లు తెరమీద కనిపిస్తున్నదాన్నే మళ్లీ మాటల్లో చెప్పడంతో, ‘అద్భుతం’, ‘మహాద్భుతం’ అనే విశేషణాలతో ముగుస్తుంది. కావాల్సింది సమాచారం. పూర్వ చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలం నుంచి వచ్చిన హాకీ గోల్‌కీపర్ ఇటిమర్పు రజని టోక్యో జట్టుతో రిజర్వ్ క్రీడాకారిణిగా వెళ్లింది. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. భారత జట్టు తెర మీదికి వచ్చిన ఆ కొద్ది క్షణాల్లో ఇలాంటి ఒక్క పేరు, ఒక్క ఊరు చెప్తే చాలు, భాకరాపేట ఘాట్ అవతలి పల్లెలో టీవీ చూస్తున్న హైస్కూలు పిల్లకు ఒలింపిక్స్ తన మండలానికి చేరిన సంగతవుతుంది.

ఆ ప్రసారం ఎవరికి చేరుతుందన్నది వేరే లెక్క. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రీడల సంకేతాన్ని ప్రైవేటు హక్కుదారు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అయితే 2017లో సుప్రీంకోర్టు ఆ సంకేతాన్ని దూరదర్శన్ తన భూతల ప్రసారానికి, సొంత ఫ్రీ డిష్‌కు మాత్రమే వాడుకోవాలని, కేబుల్ ద్వారా ఇవ్వడానికి వీల్లేదని తేల్చింది. తర్వాత భూతల ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా దాదాపు మూతపడ్డాయి. ఇక మిగిలింది ఫ్రీ డిష్ ఒక్కటే. కేబుల్ ఉన్న ఇంట్లో డీడీ ఛానల్ వస్తుంది, అందులో ఆ ఆట మాత్రం రాదు.

డబ్బు సంగతీ మరిచిపోకూడదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ప్రారంభంలో స్టేడియం పైన తేలిన హీలియం బెలూన్ టీవీలో నిజంగానే కన్నులపండువైంది. ఆ క్రీడల ప్రసార కాంట్రాక్టు మీద శుంగ్లూ కమిటీ విచారణ జరిగింది, ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి సస్పెండయ్యారు. బెలూన్ చూసి మురిసినవారిలో ఎందరు ఆ విచారణ గురించి విన్నారో! వేడుకను గంటల తరబడి చూపిన ఛానళ్లు దాని లెక్కలకు నిమిషాలే ఇచ్చాయి.

2030 శతాబ్ది కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. డ్రోన్లు, లేజర్లు ఎలాగూ ఉంటాయి. వాటికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఏడుకొండల పేరు పెట్టుకున్న డీడీ సప్తగిరి మాత్రం ఇప్పటినుంచే మూడు పనులు మొదలుపెట్టాలి. తెలుగు వ్యాఖ్యాతలకు క్రీడల్లో శిక్షణ ఇవ్వాలి. జట్టులో ఉన్న ప్రతి తెలుగు క్రీడాకారుడి పేరు, ఊరు, సాధన వివరాలు ముందే సిద్ధం చేసుకోవాలి. మన జట్టు నడుస్తున్నంతసేపూ కెమెరాను వాళ్ల మీదే నిలపాలని, అతిథుల మీదికి తిప్పవద్దని ప్రసార భారతి ద్వారా క్రీడల నిర్వాహకులను లిఖితపూర్వకంగా కోరాలి.