సెలూన్ బెంచీకి చోటు మిగల్చాలి

హైదరాబాద్ చుట్టుపక్కల చాలా సెలూన్లకు మంగళవారం సెలవు. ఆదివారం మాత్రం పొద్దున్నే బెంచీలు నిండిపోతాయి. తొండుపల్లి, శంషాబాద్ వంటి చోట్ల ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లంతా కటింగ్ కోసమే రారు. పేపరు తిరగేసేవాళ్లు, ప్లాట్ల ధరలు ఆరా తీసేవాళ్లు, డ్యూటీ దిగిన క్యాబ్ డ్రైవర్లు కూడా ఉంటారు. రూపాయి ఖర్చు లేకుండా గంటసేపు కూర్చోనిచ్చే చోటు ఈ ఊళ్లలో ఇంకెక్కడుంది?

2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చి బెంగళూరు హైవేతో కలిసింది. పొలాలు లేఔట్లయ్యాయి, గోదాములు, హోటళ్లు, హాస్టళ్లు లేచాయి. కొత్తవాళ్లు వేలల్లో వచ్చారు. వాళ్లు ఒకరికొకరు పరిచయమయ్యే చోటు గురించి మాత్రం ఏ ప్లానులోనూ పెద్దగా ఆలోచన కనిపించదు.

ఇలాంటి ఊళ్లు ఇంతకుముందూ పుట్టాయి. వందేళ్ల కిందట కెనడా ప్రెయిరీ మైదానాల్లో రైలు పట్టాల వెంట లేచిన పట్టణాల్లో మంగలి షాపు, పూల్ టేబుళ్లు చాలాచోట్ల ఒకే కప్పు కింద ఉండేవి. ఒంటరిగా వచ్చిన కూలీలకు, రైతులకు సాయంత్రం పోవడానికి అదే దిక్కు. జూదం, చెడు సావాసాలు అంటూ చర్చి పెద్దలు అభ్యంతరం చెప్పారు. పట్టణాలు లైసెన్సులు పెట్టి, పిల్లల్ని లోపలికి రానివ్వకుండా కట్టడి చేశాయి.

మన దగ్గర క్షౌరవృత్తి చరిత్ర మరింత బాధాకరం. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో మంగలి పొది పట్టుకుని దొర గడికి వెళ్లి వెట్టి చేయాల్సిందే. షాపు పెట్టాక ఆయనకు కుర్చీ, గోడ మీద రేట్ల బోర్డు, తన సమయం తనకు దక్కాయి. ఇది చిన్న మార్పు కాదు. అయినా ఆ గడప అందరికీ తెరుచుకోలేదు. దళితులకు క్షవరం చేయని షాపులు తెలుగు నేలమీద ఎన్నో ఉండేవి. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ ముడి విప్పారు. దుకాణం అన్న మాటను విశాలార్థంలో తీసుకోవాలని, సేవ అందించే ఏ చోటైనా అందులోకి వస్తుందని ఆయన వివరించారు. కులం పేరుతో ఎవరినీ దుకాణంలోకి రానివ్వకుండా ఆపకూడదన్న హామీ రాజ్యాంగం 15వ అధికరణలో ఉంది. సెలూన్ గొప్పదని మెచ్చుకునే ముందు ఈ మాట చెప్పుకోకపోతే అన్యాయం.

దగ్గరగా చూస్తే ఈ పని ఎంత నేర్పుతో కూడుకున్నదో తెలుస్తుంది. కాగితంలోనే బ్లేడును రెండుగా విరిచి, సగం కత్తి పిడిలో బిగించి, గొంతు దగ్గర చర్మాన్ని వేలితో లాగి పట్టి గీస్తారు. చివర్లో పటిక రుద్దుతారు. ముక్కూమొహం తెలియని మనిషి చేతికి గొంతు అప్పగించే చోట మాటలు కలవడంలో వింతేముంది?

ఇప్పుడు ఆ షాపు అద్దె భారాన్ని, ఏసీ సెలూన్ల పోటీని తట్టుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ప్రకటించింది. మంచి పనే. కానీ కరెంటు ఒక్కటే చాలదు. తమిళనాడులోని తూత్తుకుడిలో ఒక సెలూన్ యజమాని షాపులోనే పుస్తకాలు పేర్చి, చదివినవారికి రేటు తగ్గించారు. 2020లో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయనతో మాట్లాడారు. శంషాబాద్ లైబ్రరీ అధికారులు నాలుగు సెలూన్లకు పుస్తకాల పెట్టెలు పంపడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

కొత్త లేఔట్లకు అనుమతులిచ్చేటప్పుడే తక్కువ అద్దెకు నాలుగైదు చిన్న షట్టర్లు కేటాయించాలి. వాటి పక్కనే ఒక క్యారమ్స్ గది ఉండాలి, స్నూకర్ టేబులైనా ఫర్వాలేదు. పందేలు కాస్తే కేసు పెట్టండి, గదికి మాత్రం తాళం వేయకండి. రాత్రి డ్యూటీ ముగించుకుని హాస్టల్ గదికి వెళ్లే కుర్రాడికి ఫోను తప్ప మరో తోడు దొరకాలి. ఆడవాళ్లకూ ఇలాంటి చోటు కావాలి, వాళ్ల కోసం ఈ ఊళ్లలో బెంచీ అన్నదే లేదు.