గణితోపాధ్యాయునికి పట్టా చాలునా?

మన ఉన్నత పాఠశాలలలో గణితం బోధింపగోరువారు సాధారణంగా గణితం ఒక పాఠ్యాంశంగా పట్టభద్రులై, బి.ఎడ్. పూర్తిచేయవలెను. 2015 నుండి అది రెండేండ్ల చదువు. ఎనిమిదవ తరగతి వరకు బోధించువారికి 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి టెట్ పరీక్షను కూడ విధించినది. ఈ నిబంధనలను సడలింపుమని మేము కోరము. గణితం రానివారు గణితం చెప్పుట కంటె పీరియడు ఖాళీగా పోవుటయే మేలు.

అయితే ఇందులో ఒక వెలితి ఉన్నది. మాలో పెక్కురు బి.ఎస్సీ. ఇంగ్లీషులోనే చదువుచున్నారు. రేపు ఉర్దూ మాధ్యమపు తరగతిలో ట్రయాంగిల్ అన్న చాలదు, ముసల్లస్ అనవలెను. తెలుగు తరగతిలో త్రిభుజం అనవలెను. గ్రూపులు, రింగులు నేర్చినవారు క.సా.గు.ను ఉర్దూలో ఏమందురో తోచక నల్లబల్ల వైపు తిరిగి నిలుచుట మేము చూచియున్నాము. టెట్ ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు కూడ ఉండును గనుక అక్కడ గట్టెక్కుదురు. పిల్లల ఎదుట ఆ వసతి లేదు.

పదములకు కొరత లేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే ఉన్నతవిద్య గరపినది. అందులకై అంతకు ముందటి ఏడే హైదరాబాదులో దారుత్తర్జుమా అను అనువాద శాఖ వెలసినది.

కమిటీ పెద్దలను మేము కోరునది స్వల్పం. చివరి సంవత్సరపు గణిత విద్యార్థులకు ఉర్దూ, తెలుగు గణిత పరిభాష కొరకు వారానికొక గంట కేటాయింపుడు. పుస్తకమేది అందురా? ఎనిమిదవ తరగతి గణిత వాచకమే చాలును.